ఆంగ్లవాచకము, ప్రభుత్వశాసనము, నడుమ తెలుగు

పాఠ్యపుస్తకము మన విమర్శకులకు విమర్శింపదగిన గ్రంథముగా తోచలేదు. కావ్యములకు వ్యాఖ్యానములు కలవు, నవలలకు సమీక్షలు కలవు, శతకములకు పరిష్కరణములు కలవు. లక్షలాది బాలబాలికలు ఏడాది పొడుగునను చేతబట్టుకొని తిరుగు వాచకమును గూర్చి మాత్రము ధర, బరువు, ఆలస్యము అను మూడు వార్తలే గాని విమర్శ లేదు. ఆంగ్లవాచకము సంగతి మఱింత విచిత్రము. అది ఆంగ్లశాఖవారి సొత్తని తెలుగువారును, విద్యాశాఖవారి సొత్తని ఆంగ్లశాఖవారును తలచి విడిచిపెట్టిరి. ఈ వ్యాసమునందు మేము ఆ వాచకమును తెలుగింటి బిడ్డ పక్షమున చదువ యత్నింతుము. ప్రభుత్వము దానిని ఇన్నాళ్ళుగా ఇన్ని విధముల శాసించుచు వచ్చినది గదా, ఆ శాసనము దేనిని చూచినది, దేనిని చూడలేదు అనునది మా ప్రశ్న.

పరిశీలనకు శంషాబాదును, దానిని ఆనుకొనియున్న విమానాశ్రయ ప్రాంతమును గ్రహించితిమి. హైదరాబాదునుండి బెంగుళూరు పోవు రాజమార్గముమీద నున్న ఈ ఊరు రంగారెడ్డి జిల్లాలోనిది. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానములు తరలివచ్చి, సుమారు 5,500 ఎకరముల ఆవరణలో రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ఆరంభమైన పిదప ఇచ్చట ఆంగ్లము స్థానము మారినది. పలుచోట్ల ఆంగ్లము పరీక్షలో కనబడు భాష. ఇచ్చట పనికి పోవు దారిలో కనబడు భాష. సామాను తోయువాడు, కారు నడుపువాడు, తినుబండారముల అంగడిలో నిలుచు పిల్ల, వీరందఱికిని నాలుగు ఆంగ్లవాక్యములు జీతములో భాగమువంటివి. తలిదండ్రులు బడిని ఎన్నుకొనునప్పుడు ముందుగా అడుగునది 'ఇంగ్లీషు మంచిగ చెప్తరా?' అని. ఆ ప్రశ్నను తేలికగా చూచుట మాకు సమ్మతము కాదు. తెలుగుశాఖలవారు అట్టి తలిదండ్రులకు మాతృభాషాభిమానమును ఉపదేశించుట కలదు. వారికి అభిమానము లేక కాదు. అభిమానము కూడు పెట్టదని వారెఱుగుదురు.

ఇచ్చట ఒక గల్లీలో ముగ్గురు పిల్లలున్నారనుకొందము. ఒకడు జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో చదువును. వానికి రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి కూర్చిన ఆంగ్లవాచకము ఉచితముగా అందును. రెండవది రాష్ట్రప్రభుత్వపు గుర్తింపుగల ప్రైవేటు బడిలోని పిల్ల. పదవతరగతికి వచ్చునప్పటికి ఆమెయు ఆ వాచకమునే కొని చదువవలెను. కాని క్రింది తరగతులలో ఆ బడి తన ఇష్టము వచ్చిన ప్రచురణకర్త పుస్తకములనే అంటగట్టవచ్చును. మూడవవాడు కేంద్ర మాధ్యమిక విద్యామండలి బడిలోనివాడు. వానికి జాతీయ విద్యాపరిశోధన శిక్షణమండలి వాచకములు. ఈ మండలి 2023 మొదలుకొని తన ఆంగ్లవాచకములకు 'మృదంగ్', 'సంతూర్', 'పూర్వి' అని వాద్యముల పేర్లు, రాగము పేరు పెట్టినది. ఆంగ్లపుస్తకమునకు దేశభాషానామము పెట్టుటయు ఒక శాసనమే! దానిపై 2025లో వాదోపవాదములు కూడ చెలరేగినవి. విమానాశ్రయమునందలి సూచనాఫలకమును ముగ్గురును చదువుదురు. ముగ్గురింటనున్న భాషయు తెలుగే యనుకొందము. ముగ్గురి ఆంగ్లవాచకములలోను లేనిది ఆ తెలుగే.

2009నాటి విద్యాహక్కుచట్టపు 29వ విభాగము, ప్రాథమిక విద్యకు పాఠ్యక్రమమును నిర్ణయించు అధికారమును ప్రభుత్వము నియమించిన విద్యాసంస్థకు అప్పగించినది. బోధనమాధ్యమము సాధ్యమైనంతవఱకు బిడ్డ మాతృభాషయై యుండవలెనని చెప్పునదియు ఆ విభాగమే. ఒకే విభాగమున రెండు వాక్యములు. మొదటివాక్యము ఆచరణలో నిక్కచ్చిగా నడచుచున్నది. రెండవదానిలోని 'సాధ్యమైనంతవఱకు' అను మాట వాకిలివలె తెఱచియున్నది.

ఈ శాసనమునకు తెలుగుదేశమున రెండు వంశములు కలవు. చెన్నపురి రాజధానిలో ప్రభుత్వము పుస్తకములను తానై వ్రాయింపక, కమిటీ ఆమోదించిన పుస్తకముల పట్టికను ప్రకటించెడిది. ఆ పట్టికలో చోటు దొరకిన ప్రకాశకునకు పంట పండినట్లే. మన వ్యావహారికభాషావాదము పుట్టిన దొడ్డి కూడ ఇదియే యని మనము తఱచుగా మఱతుము. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున ఉత్తరసర్కారులలో పాఠశాలల ఇన్స్పెక్టరుగా నుండిన జె. ఏ. యేట్సు, పిల్లలు మాటలాడు తెలుగును వారు చదువు తెలుగును వేఱువేఱుగా నేల యున్నవని అడిగెను. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగారులను కదలించినది ఆ ప్రశ్న. 1913లో రామమూర్తిగారు ఆధునికాంధ్రమును సమర్థించుచు వ్రాసిన విజ్ఞప్తిపత్రమును, జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికమును సమర్థించుచు వ్రాసిన గ్రంథమును రెండును ఆంగ్లముననే యుండుట గమనింపదగినది. తెలుగెట్లుండవలెనను తగవు ఆంగ్లమున సాగినది. తీర్పు చెప్పవలసినవారు ప్రభుత్వమువారు గదా!

శంషాబాదు ఆ రాజధానిలోనిది కాదు, నిజాము రాజ్యములోనిది. అచ్చట ఉర్దూ మాధ్యమము. 1917లో అనువాదశాఖ ఏర్పడినది, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. అందు ఆంగ్లము తప్పనిసరి భాషగా నుండెను, బోధన ఉర్దూలో సాగెను. ఉన్నతపాఠశాలవఱకు పోగలిగిన తెలుగుపిల్లవానికి ఆంగ్లము ఉర్దూద్వారా అందెడిది. ప్రజలు తామై పెట్టుకొను ఖాన్గీ పాఠశాలలకు ప్రభుత్వానుమతి కావలసియుండెను. మాతృభాషలో ప్రాథమికవిద్య కావలెనని ఆంధ్రమహాసభ కోరుచు వచ్చినది. ఆ సభ 1936లో శంషాబాదు దారిలోనే మఱికొంత దక్షిణముగానున్న షాద్‌నగరున కొండా వెంకట రంగారెడ్డిగారి అధ్యక్షతను జరిగెను. 1978లో ఏర్పడిన జిల్లాకు వారి పేరే పెట్టబడినది. మాతృభాషాచదువును కోరిన సభకు అధ్యక్షత వహించిన వ్యక్తి పేరుగల జిల్లాలో నేడు తెలుగు మాధ్యమపు బడిని వెదకుకొనవలసివచ్చుట కాలగతి. నిందకు మేమీ మాట చెప్పుట లేదు. ఉర్దూ మాధ్యమమున చదివిన తరమువారికి తెలుగుపై ప్రేమ తగ్గలేదు. ఆంగ్లమాధ్యమమున చదివినంతమాత్రమున నేటివారికి తగ్గవలసిన పనియు లేదు.

స్వాతంత్ర్యానంతరము పట్టికపద్ధతి పోయి ప్రభుత్వమే ప్రకాశకుడైనది. దీనికి న్యాయసమ్మతిని తెచ్చినది 1955నాటి రామ్‌జవాయా కపూర్ వ్యాజ్యము. పంజాబు ప్రభుత్వము పాఠ్యపుస్తకములను ప్రకాశకులనుండి గాక రచయితలనుండి తీసికొని, కాపీరైటును తానే గైకొనగా, ప్రకాశకులు సుప్రీమ్‌కోర్టుకెక్కిరి. తమ పుస్తకము ఆమోదింపబడునను ఆశయే ప్రకాశకునకు కలదు గాని హక్కు లేదనియు, ఇట్టి వ్యాపారమును నడపుటకు ప్రభుత్వమునకు ప్రత్యేకచట్టము అక్కరలేదనియు న్యాయస్థానము నిర్ణయించెను. ఆ తీర్పు తెఱచిన దారిలోనే తక్కిన రాష్ట్రములవలె ఆంధ్రప్రదేశమును పాఠ్యపుస్తకములను జాతీయము చేసినది. హైదరాబాదు మింటు కాంపౌండులోని ప్రభుత్వ ముద్రణాలయము పేరు మూడుతరముల విద్యార్థులకు అట్టపై కంఠస్థము. దీనివలన మేలు కలిగినది. పేదబిడ్డకు పుస్తకము చౌకగా, తరువాత ఉచితముగా అందినది. దానిని కాదనువాడు చెన్నపురినాటి వాచకముల ధరలను ఎఱుగనివాడు.

ముద్రణము ప్రభుత్వహస్తగతమైన కాలముననే వాచకము లోపలి భాగము నిపుణుల హస్తగతమైనది. మైకేల్ వెస్టు ఢాకాలో పనిచేయుచు, వంగబాలుర అవసరములను గమనించి, పదములను లెక్కించి పేర్చిన వాచకములను కూర్చెను. 1953లో ఆయన ప్రకటించిన సామాన్యపదపట్టికలో ఇంచుమించు రెండువేల పదములు కలవు. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లసంస్థ నెలకొన్నది. కన్నడకవి వినాయక కృష్ణ గోకాక్ 1959 నుండి 1966 వఱకు దానికి సంచాలకులు. ఆ సంస్థయే పిమ్మట ఆంగ్ల, విదేశీభాషల సంస్థయై, 2007లో కేంద్రవిశ్వవిద్యాలయమైనది. ఆ తొలినాళ్ళలో వాక్యనిర్మాణములను సులభమునుండి కఠినమునకు మెట్లుగా పేర్చు పద్ధతి వ్యాపించెను. ఏ తరగతిలో ఏ క్రియారూపము, ఎన్ని కొత్తమాటలు అనునది ముందే నిర్ణయమైపోయెడిది. ఆ లెక్క శాస్త్రీయమే. కాని అది ఆంగ్లములోని కష్టసుఖముల లెక్క. తెలుగునుండి ఆంగ్లమునకు పోవువాని కష్టసుఖముల లెక్క కాదు. లండనులో సులభమైన వాక్యము శంషాబాదులో సులభము కానక్కరలేదు.

ఇంతకును ఆ విషయము తెలిసినవారు దూరమున లేరు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962 నుండి ఉస్మానియాలో భాషాశాస్త్రాచార్యులు; గ్విన్‌దొరతో కలసి వారు వ్రాసిన ఆధునికాంధ్రవ్యాకరణము 1985లో వెలువడినది. తెలుగువాక్యపు అంగాంగములెఱిగినవారు ఉస్మానియా ఆవరణలోను, ఆంగ్లబోధన నెఱిగినవారు దాని పొరుగు ఆవరణలోను ఉండిరి. రెంటిని కలిపి ఒక బాలవాచకము కూర్చవలెనని శాసించు ఉత్తరువు మాత్రము మింటు కాంపౌండునకు రాలేదు.

ఇక గ్రంథపరిశీలనకు వత్తము. 2011నాటి రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రము ననుసరించి క్రమముగా మార్చిన పుస్తకములలో పదవతరగతి ఆంగ్లవాచకము 'అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్' 2014లో వెలువడినది. రాష్ట్రవిభజన జరిగిన యేడే అది పుట్టినది. ఉభయరాష్ట్రములలోను ఏండ్ల తరబడి పాఠ్యముగా నడచినది. పాఠముల ఎన్నికను మేము మనసార మెచ్చుకొనుచున్నాము. పూర్వపు వాచకములలో తెలుగుపిల్లలు ఎన్నడును చూడని పూవులు, మంచుగడ్డలు, పరదేశపు ఇంటిదొరసానులు నిండియుండెడివారు. ఈ పుస్తకములో వామన్ హోవాళ్ వ్రాసిన మరాఠీ దళితకథ కలదు, అరుణాచలమువాడైన యేశే దోర్జీ థోంగ్చీ కథ కలదు, 'మాయాబజార్' చిత్రమును గూర్చిన పాఠము కలదు, పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథ 'వాట్ ఈజ్ మై నేమ్?' అను పేర ఆంగ్లానువాదమున కలదు. శాసించువారు మంచి పాఠములను ఎన్నుకొనలేరను అపవాదమునకు ఈ పుస్తకము చాలిన సమాధానము.

ఐనను ఆ సత్యవతిగారి కథకడ ఒకింత నిలువవలెను. విజయవాడలో ఆంగ్లోపన్యాసకురాలుగా పనిచేసిన రచయిత్రి తెలుగులో వ్రాసిన కథ, ఆంగ్లమునకు పోయి, తెలుగుపిల్లలకు ఆంగ్లపాఠమై తిరిగివచ్చినది. చదువు, తెలివి గల యువతి పెండ్లియైన పిదప ఇల్లలుకుటలో మునిగిపోయి తన పేరునే మఱచును. ఇరుగుపొరుగును అడిగినను ఎవరికిని తెలియదు. తుదకు చిన్ననాటి స్నేహితురాలు పిలువగా తాను శారద నని ఆమెకు జ్ఞప్తికి వచ్చును. తెలుగు శీర్షిక సగము సామెత. ఇల్లలకగానే పండుగ కాదను మిగిలిన సగమును చదువరి తన నోటినుండి తాను పూరించుకొనును. కథాసారమంతయు ఆ పూరణములో నున్నది. ఆంగ్లశీర్షిక కథలోని సంఘటనను చెప్పును గాని సామెతను చెప్పదు. అనువాదకుల దోషము కాదిది. ఆంగ్లమున అట్టి సామెత లేదు. ఒకే మాటలో అలుకుటను చెప్పు క్రియయు ఆంగ్లమున లేదు. మట్టి, పేడ, ముగ్గు, పండుగ, ఆడుదాని నడుమునొప్పి, ఇవన్నియు ఆ క్రియలో ఇమిడియున్నవి.

మఱియు ఆమె పేరెట్లు పోయినది? మన ఇండ్లలో భర్త భార్యను పేరుతో పిలువక 'ఏమోయ్' అనును, పిల్లలు 'అమ్మా' అందురు, పనిమనిషి 'అమ్మగారూ' అనును. సంబోధనలే పేరును మ్రింగివేయు సంఘము మనది. ఈ సంగతి శంషాబాదులోని ఏ పదియేండ్ల పిల్లకైనను తెలియును. తన తల్లిని ఎవరు ఏమని పిలుతురో తలచుకొన్న చాలును. కథను తెఱచు తాళపుచెవి పిల్ల కొంగున ముడివేసియున్నది. పుస్తకము దానిని అడుగలేదు. మూలకథ పేరు, సామెత, నాలుగు సంబోధనలు తెలుగులిపిలో పుట యడుగున వేసిన, పిల్ల ఆంగ్లపాఠమును పైనుండి క్రిందికి కాక లోపలినుండి వెలికి చదువును. 'మాయాబజార్' పాఠమునకును ఇదే వర్తించును. పింగళి నాగేంద్రరావుగారి 'అసమదీయులు', 'వీరతాళ్ళు' లేని మాయాబజార్ సగము మాయాబజార్. మాటలు పుట్టించు వినోదమును ఆంగ్లతరగతిలో నేర్పుటకు ఇంతకంటె మంచి తావు లేదు.

పుటయందు లేని తెలుగు తరగతియందును లేకుండునా? ఉండును. ఉపాధ్యాయుడు వాక్యము చదివి తెలుగున చెప్పును. పిల్లలు గైడు కొందురు. శంషాబాదు బజారులో గాని, హైదరాబాదు కోఠీలో గాని వాచకముతోపాటు గైడు అమ్ముడగుట అందఱెఱిగినదే. కొత్తవాచకము పిల్లలు స్వయముగా సంభాషణలు, లేఖలు, దినచర్యలు, వర్ణనలు కల్పించి వ్రాయవలెనని ఉద్దేశించినది; గైడు ఆ సంభాషణలను, లేఖలను, దినచర్యలను సిద్ధము చేసి అందించినది. స్వయంకల్పన కంఠస్థమైనది. వాచకము ఒక్కొక్క పుటను ఎన్ని కమిటీలో చూచును. గైడు తెలుగును చూచువాడు ప్రకాశకుని దగ్గఱ కూలికి వ్రాయు ఒక్కడు. అందువలన బిడ్డ చదువును నిజముగా శాసించు పుస్తకము శాసనపరిధికి వెలుపలనే యున్నది.

ఆ తెలుగు ఎట్టిది? ధోరణిని చూపుటకు మేమే కూర్చిన ఉదాహరణములను రెంటిని ఇత్తుము. 'ఐ హావ్ టూ బ్రదర్స్' అనుదానికి 'నేను ఇద్దరు సోదరులను కలిగియున్నాను' అనియు, 'ఇట్ ఈజ్ రైనింగ్' అనుదానికి 'అది వర్షము కురియుచున్నది' అనియు వ్రాయుదురు. తెలుగున ఎవ్వడును అన్నదమ్ములను కలిగియుండడు; 'నాకు ఇద్దరన్నదమ్ములు' అనును. మనకు కలిమి 'కు' ప్రత్యయములో నుండును, క్రియతో పనిలేదు. ఆంగ్లమున అది క్రియలో నుండును. వానవాక్యమున ఆంగ్లమునకు కర్తృస్థానము ఖాళీగా నుండరాదు గనుక ఊరకే ఒక 'ఇట్' కూర్చుండును. మనకు అట్టి కట్టుబాటు లేదు. ఈ రెండు సంగతులును పది నిమిషములలో చెప్పదగినవి. చెప్పినచో పిల్లవాడు ఆంగ్లవాక్యమును ఎట్లు కట్టవలెనో ఎఱుగును, తన తెలుగు ఎట్లున్నదో కూడ ఎఱుగును. గైడు చెప్పకపోగా ఆంగ్లపు ఎముకలపై తెలుగు తోలు కప్పిన వాక్యమును చేతికిచ్చును. పిల్లవాడు దానిని ఆంగ్లతరగతిలో విడిచి రాడు. తెలుగు జవాబుపత్రములలో 'కలిగియున్నాడు', 'చేయబడుచున్నది' అనునవి నిండుచున్నవని తెలుగుపండితులు వాపోవుదురు. ఆ వాక్యములు పుట్టిన చోటు ఆంగ్లపు గంట యని వారు గుర్తింపరు. తెలుగుశాఖలు ఆంగ్లవాచకమును పట్టించుకొనవలెననుటకు మాకు ఇంతకంటె వేఱు కారణము అక్కరలేదు.

విమానాశ్రయమునందు ఇది మర్యాదకు సంబంధించిన చిక్కుగా మాఱును. తెలుగున గౌరవము క్రియాంతమున నుండును: 'నీళ్ళు ఇయ్యండి' అను మాటలో 'అండి' యే వినయము. ఆంగ్లమున అది వాక్యపు మొదట 'కుడ్ యు' రూపముననో, 'ప్లీజ్' రూపముననో ఉండును. శంషాబాదు యువకుడు మనసులో 'ఇయ్యండి' అనుకొని పైకి 'గివ్ మి వాటర్' అనును. దారిలో 'అండి' జారిపోయినది. వినువాడు వానిని మోటువాడనుకొనును. వాడు ఎంతో వినయముగా అడిగినవాడు! అట్లే 'వుయ్' అను ఒక్క మాటలో మన 'మేము', 'మనము' రెండును కలసిపోవును. 'యు' అనుటకు ఉపాధ్యాయునియెదుట పిల్లవాని నాలుక తడబడును. ఈ జారుపాటులు తెలుగుపిల్లలవే. గుజరాతీపిల్లవాని జారుపాటులు వేఱు. దేశమంతటికిని ఒక్కటే వాచకము కూర్చినవారికి ఇవి కానరావు. రాష్ట్రమునకు వేఱుగా వాచకము కూర్చుకొను అధికారము ఉన్నందుకు ప్రయోజనము ఇచ్చటనే యుండవలెను గదా!

దీనికి ఆంగ్లబోధకులు చెప్పు ఆక్షేపము బలమైనదే. తెలుగుకు తలుపు తెఱచినచో తరగతి యంతయు తెలుగే యగును, ఉపాధ్యాయుడు అనువదించి చేతులు దులుపుకొనును, పిల్లల నోట ఆంగ్లము పలుకదు అందురు. అట్టి తరగతులను మేమును చూచియున్నాము. కాని ఆ తరగతులు తెలుగునకు అనుమతి యిచ్చిన పుస్తకములవలన ఏర్పడినవి కావు. తెలుగు లేని పుస్తకములతోనే ఏర్పడినవి. పుటనుండి వెలివేసినందువలన తెలుగు బడినుండి పోలేదు. మంచి తెలుగు మాత్రము పోయినది. డాడ్సన్ వేల్సుదేశమున ప్రయోగించి 1967లో ప్రకటించిన ద్విభాషాపద్ధతిలో మాతృభాషకు కొలతగల స్థానము కలదు: వాక్యార్థమును ఉపాధ్యాయుడు ఒక్కమాఱు స్వభాషలో చెప్పును, పిమ్మట అభ్యాసమంతయు నేర్చుకొను భాషలోనే. ఒక్కమాఱు చెప్పు ఆ వాక్యము సరియైనదై యుండవలెను. దానిని సరిగా కూర్చియిచ్చుట శాసించువారి బాధ్యత.

ప్రభుత్వములు ద్విభాషాపుస్తకములను ఎఱుగనివి కావు. ఆంధ్రప్రదేశమున 2019 నవంబరులో ఆంగ్లమాధ్యమమునకై వెలువడిన ఉత్తరువులను 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము కొట్టివేసినను, 2020-21 నుండి ఎదురెదురు పుటలలో ఆంగ్లమును తెలుగును గల పుస్తకములు వచ్చినవి. 2020నాటి జాతీయవిద్యావిధానము గణిత విజ్ఞానశాస్త్రములకు అట్టి పుస్తకములను ప్రోత్సహించినది. తెలంగాణమున 2022-23లో ఒకటినుండి ఎనిమిదవతరగతివఱకు ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టునప్పుడు ద్విభాషాపుస్తకములను ముద్రించిరి. మేలైన పని. ఐతే రెండుభాషల పుటలను గణితమునకు, శాస్త్రములకు ఇచ్చి, రెండుభాషల నడుమ ప్రయాణమే విషయముగా గల ఆంగ్లవాచకమునకు ఇయ్యకపోవుట మాకు వింతగా తోచుచున్నది.

దీనికంటె వింతయైనది తెలుగువాచకముల విషయమున జరిగినది. 2018నాటి చట్టము తెలంగాణలోని అన్ని బడులలోను, కేంద్రమండలి బడులతో సహా, తెలుగును తప్పనిసరి చేసినది. తెలుగు ఇంటిభాష కాని పిల్లలకు రాష్ట్రపు మామూలు తెలుగువాచకము 'సింగిడి' బరువగుచున్నదని గ్రహించి, కేంద్రమండలి మొదలగు బడులలో సులభమైన 'వెన్నెల'ను బోధింపవచ్చునని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వము నిర్ణయించినది. తొమ్మిదవతరగతికి 2025-26 నుండి, పదవతరగతికి 2026-27 నుండి అని గడువులును చెప్పినది. విమానాశ్రయప్రాంతమున ఉత్తరాదినుండి వచ్చి స్థిరపడిన ఉద్యోగుల పిల్లలకు ఇది ఉపశమనము, న్యాయమైనదే. ఇంటిభాష వేఱైనచో పుస్తకము కూడ వేఱుగా నుండవలెనను సూత్రమును ప్రభుత్వము అంగీకరించినది గదా! ఆ సూత్రమును ఆంగ్లమునకు ఏల వర్తింపజేయరాదు? హిందీ మాటలాడు ఇంటి పిల్లవానికి తెలుగు కష్టమని గుర్తించిన కన్ను, తెలుగు మాటలాడు ఇంటి పిల్లవానికి ఆంగ్లము కష్టమని గుర్తింపలేదు.

ఇచ్చట ఒక భయము కలదు, అది న్యాయమైనది. పేదల బడికి తేలిక ఆంగ్లము, ధనికుల బడికి గట్టి ఆంగ్లము అను రెండు పంక్తులు ఏర్పడునేమో యని. ఆంగ్లము అందనందువలన తరతరములుగా వెనుకబడిన కులములవారు ఈ భయమును వ్యక్తము చేసినప్పుడు తెలుగుశాఖలు తలవంచి వినవలెను. మేము కోరునది తేలికపుస్తకము కాదు. పాఠములు అవియే కావలెను, పరీక్షయు అదియే కావలెను. పుట యడుగున, అభ్యాసములలో, ఉపాధ్యాయుని కైపుస్తకములో తెలుగునుండి ఆంగ్లమునకు వేసిన మెట్లు కావలెను. ధనికుల పిల్లలకు ఆ మెట్లు ఇంటిలోనే కలవు. తల్లి చెప్పును, ట్యూషను మాస్టరు చెప్పును. పేదవానికి ఆ మెట్లు పుస్తకమునందే దొరకవలెను.

శాసించువారి దృష్టి ఎచ్చట చురుకైనదో చెప్పుటకు మఱొక ఉదాహరణము. 2024 జూనులో తెలంగాణమున పంచిన తెలుగువాచకముల ముందుమాటలో మాజీ ముఖ్యమంత్రి పేరు మిగిలియున్నదని తెలియగా, పంచిన పుస్తకములను వెనుకకు తెప్పించి ఆ పుటను సరిచేయుటకు పూనుకొనిరి. తప్పును సరిదిద్దుట తప్పు కాదు. ఆ వేగములో పదియవవంతు ఒక తప్పు అనువాదముపై, ఒక అర్థము కాని అభ్యాసముపై చూపగలిగిన, మన పాఠ్యపుస్తకచరిత్ర వేఱుగా నుండెడిది.

తెలుగుశాఖలు చేయదగిన పని చిన్నది, కాని ఇంతవఱకు ఎవరును చేయనిది. శంషాబాదునుండి షాద్‌నగరువఱకు గల ఉన్నతపాఠశాలలలో ఆంగ్లపు గంటలో పలుకు తెలుగును ఒక యేడు వినవలెను. ఉపాధ్యాయుడు ఏ వాక్యమును తెలుగున చెప్పెను, ఏ మాటను చెప్పలేక ఆంగ్లముననే విడిచెను, పిల్లలు దానిని ఎట్లు తిరిగి చెప్పిరి, గైడులో ఏమున్నది అను నాలుగు గళ్ళు గీచుకొని వ్రాసికొన్న చాలును. విమానాశ్రయమున పనిచేయుచున్న యువకులను కలసి, బడి విడిచిన పిదప వారు తామై నేర్చుకొన్న ఆంగ్లవాక్యములను, వాటిని తెలుగులో ఎట్లు తలచుకొందురో అడిగి వ్రాసికొనవలెను. పరిశోధకవిద్యార్థులు ప్రబంధవర్ణనలపై వ్రాయు సిద్ధాంతవ్యాసములను ఆపి ఈ పని చేయవలెనని మేమనము. ఇద్దఱు ముగ్గురు చేసినను పట్టిక తయారగును. ఆ పట్టికను విద్యాపరిశోధన మండలివారి ముందు పెట్టినచో, కమిటీలో తెలుగువాడొకడు ఏల కావలెనో వేఱుగా వాదింపనక్కరలేదు. ఆరంభమునకు పదవతరగతి పాఠమొకటి సిద్ధముగానే యున్నది. సత్యవతిగారి మూలకథను ఎడమవైపున, ఆంగ్లపాఠమును కుడివైపున ఉంచుకొని, 'అలుకు' ధాతువుకడ పని మొదలుపెట్టవచ్చును.